సర్జరీ అయి మూడు నెలలైనా ఎక్స్‌రేలో నల్ల మచ్చ పోలేదు, ఎముక పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 54. పై వరసలో ముందు పళ్ళ పక్కనుండే పన్నుకి పన్నెండేళ్ళ కిందట రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. రెండేళ్ళుగా ఆ పన్ను పైన చిగురు మీద చిన్న పొక్కు వస్తూ పోతూ ఉండేది, నొక్కితే చీము కారేది. మూడు నెలల కిందట సర్జరీ చేసి వేరు కొస కోసేశారు, అక్కడే సీలు కూడా వేశామన్నారు. లోపలి నుంచి తీసిన ముద్దని పరీక్షకి పంపితే గ్రాన్యులోమా అని వచ్చింది, భయపడాల్సింది కాదన్నారు. పొక్కు మళ్ళీ రాలేదు, నొప్పి లేదు. కానీ మొన్న ఎక్స్‌రే తీస్తే నల్ల మచ్చ అలాగే ఉంది. కొంచెం తగ్గిందని డాక్టరు గారన్నారు గానీ నాకు తేడా కనిపించలేదు. మా తోడికోడలికి ఇదే ఆపరేషన్‌లో ఎముక పొడి పెట్టారట. నాకెందుకు పెట్టలేదని అడిగితే ముందు, వెనక ఎముక గోడల్లో వెనకది బాగానే ఉంది, అవసరం లేదన్నారు. నాకు షుగర్ ఉంది, పరగడుపున 148 వచ్చింది. ఎముకలు పల్చబడ్డాయని ఏడాదిగా వారానికొక మాత్ర, అలెండ్రోనేట్, వేసుకుంటున్నాను. ఎముక త్వరగా పెరగాలని కాల్షియం మాత్రలు రోజుకి మూడు చేశాను, పొద్దున్నే అన్నీ కలిపి వేసేసుకుంటాను. రోజూ అద్దం ముందు పెదవి ఎత్తి వేలితో ఆ చోట నొక్కి చూస్తుంటాను, మెత్తగా లోపలికి దిగినట్టు ఉంటుంది. ఎముక పెరగదేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. ఇప్పుడైనా ఎముక పొడి పెట్టించుకోవాలా? ఏం తింటే, ఏ మందు వాడితే ఎముక వస్తుంది? క్యాప్ అంచు దగ్గర ఈమధ్య తిండి ఇరుక్కుంటోంది, అది పెద్ద విషయం కాదనుకుంటాను.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎముక గురించి మీరు అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపింది మాత్రం చివరి వాక్యం. పెద్ద విషయం కాదనుకున్న ఆ క్యాప్ అంచే ఈ మొత్తంలో పెద్ద విషయం. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీ భయం తీరాలి కదా, ఎక్స్‌రే సంగతి చూద్దాం.

మూడో నెలలో నల్ల మచ్చ కనిపిస్తే సర్జరీ విఫలమైనట్టు కాదు. ఎక్స్‌రే ఎముకని చూపించదు, ఎముకలో చేరిన ఖనిజాన్ని చూపిస్తుంది. ఒకచోట ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతేనే అక్కడ నలుపు కనిపిస్తుందని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇప్పుడు దీన్ని తిరగేసి ఆలోచించండి. సర్జరీలో ముద్ద తీసిన చోట మిగిలిన గుంత నిండా లేత ఎముక చేరినా, అందులోకి ఖనిజం తగినంత దిగేదాకా ఎక్స్‌రే దాన్ని నల్లగానే చూపిస్తుంది. అంటే లోపల జరిగే పని ఎప్పుడూ ఫిల్ము కంటే ముందుంటుంది. మీ డాక్టరు గారు కొంచెం తగ్గిందన్నారంటే అంచుల దగ్గర చూసి ఉంటారు. మీరు నడిమధ్య చూసి ఉంటారు. ఎముక గోడల నుంచి లోపలికి పెరుగుతుంది కాబట్టి మధ్యలో నలుపు చివరిదాకా ఉంటుంది.

ఆ గుంతలో ఈ మూడు నెలలుగా ఏం జరుగుతోందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కుట్లు వేసిన గంటల్లోనే గుంత నెత్తురుతో నిండి గడ్డ కడుతుంది. ఆ గడ్డే మొదటి పునాది. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు చుట్టూ ఉన్న ఎముక లోపలి నుంచి సన్నని రక్తనాళాలు ఆ గడ్డలోకి పాకుతాయి. వాటి వెంట కణాలు వస్తాయి. గడ్డ మెల్లగా కరిగి, దాని స్థానంలో ఎర్రని మెత్తని కండ చేరుతుంది. మొదటి వారం చివరికి గోడల వెంబడి ఎముక కట్టే కణాలు పని మొదలుపెడతాయి. అవి ముందు వేసేది గట్టి ఎముక కాదు, అల్లిబిల్లిగా ఉండే లేత ఎముక. గుంత చిన్నదైతే నెల తిరిగేసరికి చాలా భాగం ఈ లేత ఎముకతోనే నిండిపోతుంది. ఆ తర్వాతిది నెమ్మదైన పని. ఎముకని కొరికే కణాలు లేత ఎముకని కొద్దికొద్దిగా తీసేస్తుంటే, కట్టే కణాలు ఆ చోట వరస తీరిన గట్టి ఎముక వేస్తూ వస్తాయి. ముందువైపు చిగురు కింద ఉండే పలకని సర్జరీలో తెరిచారు కదా, ఆ పలక మళ్ళీ మూతపడడం అన్నిటికంటే ఆలస్యం. మీరు వేలితో నొక్కితే మెత్తగా దిగినట్టు ఉండడానికి కారణం అదే. మూడో నెలలో అలా ఉండడం సహజం.

అలాగని రోజూ నొక్కకండి. పెదవి పైకి లాగినప్పుడల్లా చిగురు కూడా దానితో పాటు కదులుతుంది. మీకు మూడు నెలలైంది కాబట్టి ఇప్పుడు పెద్ద నష్టం లేదు గానీ, మొదటి వారంలో ఇదే పని చాలా చెడు చేస్తుంది. ఒకావిడ నాలుగో రోజున నా దగ్గరికి వచ్చారు. పై పెదవిని రెండు వేళ్ళతో పట్టుకుని ముక్కు దాకా ఎత్తి, "చూడండి డాక్టర్ గారూ, కుట్టు తెగింది" అన్నారు. ఆ ఎత్తడంలోనే రెండో కుట్టు కూడా చిగురుని చీల్చుకుని జారడం నా కళ్ళ ముందే జరిగింది. చిగురు తెరుచుకుంటే కింద ఉన్న నెత్తురు గడ్డలోకి నోట్లో క్రిములు చేరతాయి. ఇది చదువుతున్నవాళ్ళలో త్వరలో ఈ సర్జరీ ఉన్నవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కుట్లు తీసేదాకా పెదవి ఎత్తి చూసుకోవద్దు, ఎవరికీ చూపించొద్దు. ఆ కొద్దిరోజుల మిగతా జాగ్రత్తలు మామూలువే. మొదటి రోజు బయట నుంచి ఐసు, ఆగి ఆగి పెట్టాలి. గట్టిగా పుక్కిలించకూడదు, ఆ చోట బ్రష్ తగలనివ్వకూడదు. డాక్టరు రాసిస్తే మర్నాటి నుంచి క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడతాయి కాబట్టి చెప్పినన్ని రోజులే వాడండి. నొప్పి మాత్రలు నాలుగైదు రోజులు వేసుకుంటే ఎముక ఆగిపోదు, ఆ భయంతో నొప్పి భరించనక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఎముక ఎలా పెరుగుతుందని అందరూ అడుగుతారు. అది ఎందుకు పోయిందని అడిగేవాళ్ళు తక్కువ. మీ పన్ను చుట్టూ ఎముక కరగడానికి కాల్షియం లోపం కారణం కాదు. పాత రూట్ కెనాల్ లోపల, వేరు కొస దగ్గర క్రిములు మిగిలాయి. ఆ కొసన ఉండే రంధ్రాల్లోంచి వాటి విషం బయటికి కారుతూ వచ్చింది. శరీరం తన రక్షణ కణాల్ని అక్కడికి పంపింది. వాటికి చోటివ్వడానికి ఎముక పక్కకి తప్పుకుంది. పరీక్షలో గ్రాన్యులోమా అని వచ్చింది ఆ రక్షణ కణాల ముద్దే. కాబట్టి కారుతున్న దారి మూసేస్తే చాలు, ఎముక తనంతట తానే తిరిగి వస్తుంది. దారి తెరిచే ఉంటే మాత్రం ఎంత ఖరీదైన మందు వాడినా, ఏ పొడి పెట్టినా నిలవదు.

సర్జరీలో చేసేది సరిగ్గా ఆ మూసే పనే. వేరు కొస సుమారు 3 మిల్లీమీటర్లు కోస్తారు. ఆ లెక్క ఊరికే పెట్టింది కాదు. వేరులోంచి పక్కలకి చీలే సన్నని కాలువల్లో చాలావరకు ఆ చివరి 3 మిల్లీమీటర్లలోనే ఉంటాయి. తర్వాత మిగిలిన వేరు లోపలికి, కోసిన చివర నుంచి, అల్ట్రాసోనిక్ పరికరంతో ఇంకో 3 మిల్లీమీటర్లు శుభ్రం చేసి ఒక సిమెంటుతో మూసేస్తారు. ఎక్కువమంది వాడేది ఎమ్‌టీఏ, లేదా అదే కోవలో తర్వాత వచ్చిన బయోసిరామిక్ పదార్థాలు. ఎమ్‌టీఏని 1990ల మొదట్లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం తయారుచేసింది. దాని మూలం ఇళ్ళు కట్టే పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకి దగ్గరిది. తడిలోనే గట్టిపడుతుంది, కాబట్టి నెత్తురు, నీరు ఊరే ఆ చోట అది సరిగ్గా పనికొస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. కొన్నాళ్ళకి దీని మీద వేరు తన సొంత పొర, సిమెంటం, మళ్ళీ వేసుకోగలదు. అప్పుడు కోసిన వేరు చివర కూడా శరీరం తనదిగా కప్పుకున్నట్టే.

ఈ సీలు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక లెక్క చాలు. పాత పద్ధతిలో చేసిన సర్జరీల్నీ, మైక్రోస్కోపు కింద కొత్త పరికరాలతో, కొత్త సీలు పదార్థాలతో చేసిన సర్జరీల్నీ పోల్చిన ఒక విశ్లేషణ 2010లో వచ్చింది. పాతవాటిలో సుమారు 59 శాతం, కొత్తవాటిలో సుమారు 94 శాతం సఫలమయ్యాయి. రోగుల ఎముకలు ఆ మధ్యలో మారిపోలేదు. దారి మూసే పనితనం మారింది.

ఇప్పుడు మీ తోడికోడలు గారి ఎముక పొడి సంగతి. దాన్ని పెట్టడం తప్పూ కాదు, పెట్టకపోవడం లోపమూ కాదు. గుంత ఆకారాన్ని బట్టి ఉంటుంది. చిగురు కణాలు ఎముక కణాల కంటే వేగంగా పెరుగుతాయి. ఈ రెండిటికీ ఎప్పుడూ పోటీ. మీ గుంతకి చుట్టూ గోడలున్నాయి, వెనక గోడ నిలిచే ఉంది, తెరిచింది ఒక్క ముందు వైపే. అలాంటి గుంతలో నెత్తురు గడ్డ కదలకుండా నిలుస్తుంది, చుట్టూ అన్ని గోడల నుంచి ఎముక వస్తుంది, పోటీలో ఎముకే గెలుస్తుంది. పొడి పెట్టినా పెట్టకపోయినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ముందు పలక, అంగిలి వైపు పలక రెండూ పోయి గుంత ఇటు నుంచి అటు దాకా తెరుచుకున్నప్పుడు కథ వేరు. రెండు వైపుల నుంచీ మెత్తని కండ లోపలికి చొరబడి మధ్యలో కలుసుకుంటుంది, ఎముకకి చోటుండదు. అలాంటి చోట చిగురుకీ గుంతకీ మధ్య ఒక పొర పరిచి, లోపల ఎముక పొడి నింపితే ఎముకకి సమయం దొరుకుతుంది. వేరు మీది ఎముక చిగురు అంచు దాకా మొత్తం పోయినప్పుడు కూడా ఇదే అవసరం పడుతుంది. మీ తోడికోడలు గారికి ఈ రెండిట్లో ఏదో ఒకటి అయి ఉండొచ్చు. లేదా వాళ్ళ డాక్టరు పద్ధతి అది కావచ్చు. రోగి సొంత నెత్తురుని తిప్పి తీసే పీఆర్‌ఎఫ్ అనే జిగురు కూడా కొందరు పెడతారు. వాపు, నొప్పి తగ్గడానికి అది సాయపడుతుంది.

ఇప్పుడు పెట్టించుకోవాలా అన్నారు. వద్దమ్మా. పొడి పెట్టాలంటే మానుతున్న చిగురు మళ్ళీ తెరవాలి, మూడు నెలలుగా పెరిగిన లేత ఎముకని గీకేయాలి. ఉన్నది పోగొట్టుకుని మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టడమే అవుతుంది. పైగా ఎముక పొడుల్లో కొన్ని ఏళ్ళ తరబడి కరగవు. ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తాయి. ఆ తెలుపు చూసి ఎముక వచ్చేసిందని రోగి సంతోషిస్తారు గానీ, అందులో ఎముక ఎంతో, పొడి ఎంతో ఫిల్ము చూసి చెప్పడం మాకూ కష్టమే. మీ నల్ల మచ్చ కనీసం అబద్ధం చెప్పడం లేదు. అది తగ్గిందంటే నిజంగా ఎముక వచ్చినట్టే.

మాత్రల దగ్గర మాత్రం మీరు వెంటనే ఒక మార్పు చేయాలి. అలెండ్రోనేట్‌నీ కాల్షియాన్నీ కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. కాల్షియం దాన్ని కడుపులోనే పట్టేస్తుంది, మందు ఒంటికి ఎక్కదు. అంటే ఏడాదిగా ఎముకల కోసం మీరు వేసుకుంటున్న మందు చాలావరకు వృథా అయి ఉండొచ్చు. ఆ మాత్ర పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, వేరే మందు వేసుకోకూడదు. కాల్షియం మధ్యాహ్నం భోజనంతోనో రాత్రో వేసుకోండి. ఇది మీ ఎముకల డాక్టరు గారికి కూడా తప్పక చెప్పండి.

ఇంకో సంగతి, ఈ మందు పళ్ళ డాక్టరుకి తెలుసా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. ఎముక పల్చబడడానికి వాడే మందే కదా, దవడ ఎముకకీ మంచిదే అనుకుంటారు చాలామంది. అది పనిచేసేది ఎముకని కొరికే కణాల్ని ఆపి. ఇందాక చెప్పాను కదా, లేత ఎముక గట్టి ఎముకగా మారాలంటే కొరికే కణాలు కూడా కావాలి. అందుకని ఈ మందు వాడేవాళ్ళలో దవడ మానడం కొంచెం నెమ్మదించవచ్చు. చాలా అరుదుగా ఎముక బయటపడి, ఎనిమిది వారాలు దాటినా చిగురు కప్పుకోని పరిస్థితి వస్తుంది. నోటి మాత్రలు వాడేవాళ్ళలో ఆ ప్రమాదం చాలా తక్కువ. మీకు చిగురు చక్కగా కప్పుకుంది, పొక్కు లేదు, కాబట్టి దిగులు పడకండి. మందు మీ అంతట మీరు ఆపేయొద్దు. తుంటి, వెన్ను ఎముకలు విరగకుండా కాపాడుతున్నది అదే. ఇకపై ఏ పన్ను తీయించాలన్నా, ఏ చిగురు కోయాలన్నా ముందుగా ఈ మాత్ర పేరు చెప్పండి.

కాల్షియం మూడు మాత్రలు ఎవరూ చెప్పకుండా మీరే పెంచుకున్నారు కదా. మీ వయసు ఆడవాళ్ళకి రోజుకి సుమారు 1200 మిల్లీగ్రాములు చాలు, అదీ తిండిలో వచ్చేది కలుపుకుని. అంతకు మించి మింగితే గుంత త్వరగా నిండదు, మలబద్ధకం వస్తుంది, కొందరికి కిడ్నీలో రాళ్ళు వస్తాయి. ఎంత వేసుకోవాలో మీ డాక్టరు గారిని అడిగి అంతే వేసుకోండి. విటమిన్ డి ఒకసారి పరీక్ష చేయించండి, తక్కువుంటే సరిచేసుకోవాలి, బాగుంటే ఇంకా పోయడం వల్ల లాభం లేదు. ఏం తినాలి అన్నదానికి నా జవాబు చిన్నది. ఎముక ముందు ప్రోటీన్ పోగుల మీదే కట్టుకుంటుంది, ఖనిజం తర్వాత వచ్చి చేరుతుంది. కాబట్టి మూడు పూటలా ప్రోటీన్ ఉండేలా చూసుకోండి. ఆ పన్నుతో గట్టివి కొరకడం మాత్రం కొన్నాళ్ళు మానండి. వేరు పొట్టిదైంది, చుట్టూ ఆధారం ఇంకా పూర్తి కాలేదు.

ఎముక పెంచే మందు ఏదైనా చెప్పమన్నారు కదా. మీ విషయంలో అలాంటిది ఒకటుంటే అది షుగర్ అదుపే. నెత్తురులో షుగర్ ఎక్కువగా ఉంటే సన్నని రక్తనాళాలు పాడవుతాయి, క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, ఎముక కట్టే కణాల పని తగ్గుతుంది. ఇందాకటి వరస గుర్తుచేసుకోండి. రక్తనాళాలు పాకడం, కణాలు చేరడం, ఎముక కట్టడం. మూడింటినీ షుగర్ దెబ్బకొడుతుంది. పరగడుపు 148 ఆ ఒక్క పొద్దుటి సంగతే. మీరు ఇప్పుడు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. సర్జరీ అయి మూడు నెలలే కాబట్టి, మీ ఎముక ఇన్నాళ్ళూ ఎలాంటి నెత్తురు మధ్య పెరిగిందో సరిగ్గా ఆ అంకె చెప్పేస్తుంది. 7 కంటే తక్కువుంటే సంతోషం. 8, 9 అయితే ఎముక నెమ్మదించడానికి కారణం దొరికినట్టే. అప్పుడు షుగర్ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి మందులు సరిచేయించుకోండి. ఇక్కడే ఇంకొకరికి చెప్పాల్సిన మాట. ఈ సర్జరీ చేయించుకున్నవాళ్ళు సిగరెట్ తాగేవాళ్ళయితే, షుగర్ గురించి నేను చెప్పినదంతా వాళ్ళకీ వర్తిస్తుంది. నికోటిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. సర్జరీకి ముందు, తర్వాత కొన్ని వారాలైనా మానేయండి. మానేశాక మళ్ళీ మొదలుపెట్టకపోతే నాకింకా సంతోషం.

ఇప్పుడు క్యాప్ అంచు. వేరు కొస వైపు తలుపు సర్జరీలో మూశారు. నోటి వైపు తలుపు క్యాప్. అంచు దగ్గర తిండి ఇరుక్కుంటోందంటే అక్కడ సందు ఏర్పడింది, లేదా క్యాప్ లోపల పన్ను పుచ్చుతోంది. ఆ సందులోంచి ఉమ్మి, క్రిములు క్యాప్ కిందికి, అక్కడి నుంచి పాత రూట్ కెనాల్ ఫిల్లింగ్ పక్కగా వేరు పొడవునా దిగుతాయి. నరం లేని పన్ను కాబట్టి మీకు నొప్పి ఏమీ తెలియదు. వేరు కొసన సిమెంటు సీలు ఉంది కదా అనొచ్చు. వేరు మధ్యలో కూడా పక్కకి తెరుచుకునే సన్నని కాలువలు ఉంటాయి, కొసన వేసిన సీలు వాటిని మూయదు. అన్నిటికంటే ఎక్కువగా, పుచ్చు చిగురు కిందికి దిగితే పన్నే నిలవదు. ఎముక చక్కగా పెరిగిన పళ్ళు కూడా ఏడాది, రెండేళ్ళకి ఈ క్యాప్ వైపు తలుపు వల్లే పోవడం నేను చూశాను. చాలా బాధ వేస్తుంది. అంత సున్నితమైన సర్జరీ తట్టుకుని నిలిచిన పన్ను, క్యాప్ మార్చడం వాయిదా వేసినందుకు పోతుంది.

కాబట్టి ఆర్నెల్ల ఎక్స్‌రే దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్ళండి. క్యాప్ అంచు చుట్టూ సన్నని పరికరంతో తడిమి చూడమనండి. సందు ఉంటే క్యాప్ తీసి, కింద పుచ్చు శుభ్రం చేసి, కొత్త క్యాప్ వేయించుకోవాలి. దీనికోసం ఎముక పూర్తిగా నిండేదాకా ఆగాల్సిన పనిలేదు. పాత క్యాప్‌ని కొట్టి లాగకుండా, గాడి కోసి విప్పి తీయమని చెప్పండి. వేరు పొట్టిగా ఉన్న పన్ను మీద బలం పెట్టకపోవడం మంచిది. లోపల పోస్టు, అంటే క్యాప్‌కి ఆధారంగా వేరులోకి దించే కడ్డీ, ఉందేమో కూడా ముందే ఎక్స్‌రేలో చూస్తారు. కొత్త క్యాప్ వేశాక కింది పళ్ళతో మరీ గట్టిగా తగలకుండా కాటు సరిచూడమనండి. అదే సమయంలో చిగురుకీ పన్నుకీ మధ్య సందు లోతు చుట్టూ కొలవమనండి. అన్ని వైపులా మామూలుగా ఉండి ఒక్కచోట మాత్రం పరికరం సన్నగా, లోతుగా దిగితే వేరు నిలువునా పగిలిందేమోనని అనుమానించాలి. పగిలిన వేరు చుట్టూ ఎముక నిలవదు. మీకు పొక్కు మళ్ళీ రాలేదు కాబట్టి అలాంటిది ఉండకపోవచ్చు, అయినా కొలవడానికి ఒక్క నిమిషం.

తర్వాత ఆరో నెలలో ఒక ఎక్స్‌రే, ఏడాదికి ఇంకొకటి. మామూలు చిన్న ఎక్స్‌రే చాలు. అంతా బాగున్నప్పుడు మూడు నెలలకోసారి సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించుకోవడం అనవసరమైన రేడియేషన్. 1972లో డెన్మార్క్ పరిశోధకులు ఈ సర్జరీ తర్వాత ఎక్స్‌రేల్ని నాలుగు రకాలుగా విడదీశారు. పూర్తిగా మానింది, కొంత మచ్చ మిగిలి మానింది, ఇంకా చెప్పలేం, మానలేదు. ఇప్పటికీ మేము ఆ లెక్కలోనే చూస్తాం. ఏడాదికి చాలామంది సంగతి తేలిపోతుంది. చెప్పలేని గుంపులో ఉన్నవాళ్ళని నాలుగేళ్ళ దాకా గమనిస్తాం, తొందరపడి మళ్ళీ కోయం. గుంత 10 మిల్లీమీటర్లు దాటితే ఇంకాస్త ఓపిక కావాలి. రెండో రకం గురించి మీకు ముందే చెబుతున్నాను. మీరు చెప్పిన పన్ను దగ్గర అది ఎక్కువగా కనిపిస్తుంది, చూసి మళ్ళీ భయపడకూడదు. నలుపు చిన్నదవుతూ వచ్చి ఒక చుక్కలా మిగిలిపోతుంది. దాని అంచుల నుంచి ఎముక గీతలు సూర్యకిరణాల్లా లోపలికి వచ్చి ఉంటాయి. వేరు చుట్టూ మాత్రం సన్నని గీత చక్కగా తిరిగి ఏర్పడి ఉంటుంది. ఆ చుక్క మచ్చకండ. చర్మం మీద గాయం మచ్చ మిగిలినట్టే ఎముకలో మిగిలింది. దానికి ఏ వైద్యం అక్కర్లేదు, పన్ను ఎన్నాళ్ళైనా ఉంటుంది.

వెంటనే వెళ్ళాల్సినవి కొన్ని ఉన్నాయి. పొక్కు మళ్ళీ రావడం, వాపు, కొరికితే నొప్పి రోజురోజుకీ పెరగడం, పన్ను ముందుకంటే ఎక్కువ ఊగడం, చిగురులోంచి తెల్లగా ఎముక కనబడడం. వీటిలో ఏది కనిపించినా నెల ఆగొద్దు.

ఆర్నెల్ల ఎక్స్‌రేకి వెళ్ళేటప్పుడు సర్జరీ రోజున కుట్లు వేశాక తీసిన ఫిల్మూ, మొన్నటిదీ రెండూ వెంట తీసుకెళ్ళండి. అదే కోణంలో తీయమనండి, కోణం కొంచెం మారినా మచ్చ పెద్దదైనట్టో చిన్నదైనట్టో కనిపిస్తుంది. మూడూ వరసగా లైటు ముందు పెట్టించుకుని, నడిమధ్య కాకుండా గుంత అంచుల వెంబడి చూడండి.